కొంగకు తెలిసిన కాలం

యిర్మీయా ప్రవక్త గ్రంథంలో ఎనిమిదవ అధ్యాయం, ఏడవ వచనాన్ని ఒకసారి తెరిచి చూడండి. ప్రవక్త అక్కడ పక్షులను సాక్ష్యానికి పిలుస్తాడు. కొంగకు తన రాకపోకల వేళ తెలుసు. గువ్వకూ, మంగలకత్తి పిట్టకూ తెలుసు. దేవుని ప్రజలకు మాత్రం దేవుని విధి తెలియకుండా పోయింది. ఇదీ ఆయన బాధ. ఈ వచనం వచ్చినప్పుడు మన ప్రసంగాలలో పక్షులను ఒక్క మాటలో దాటేసి, ప్రజల అవిధేయత దగ్గరకు వెళ్ళిపోతాం. ఈ వారం పాఠంలో ఆ పక్షుల దగ్గరే కాస్త ఆగుదాం.

కొంగకు కాలం తెలుసునని యిర్మీయాకు ఎలా తెలిసింది? ఆయన యెరూషలేముకు దగ్గరలోని అనాతోతు అనే పల్లెవాడు. ఐరోపాకూ ఆఫ్రికాకూ మధ్య ఏటా ప్రయాణించే తెల్లకొంగలు నేటికీ ఆ దేశం మీదుగానే పోతాయి. ఒక్క ఏడు చూసినవాడు కొంగలు వచ్చాయని మాత్రమే చెప్పగలడు. వాటికి వాటి కాలం తెలుసు అని చెప్పాలంటే అదే ఊరి నుండి, అదే ఆకాశాన్ని ఎన్నో ఏళ్ళు చూసి ఉండాలి. అంటే ప్రవక్త నోట దైవవాక్కు పలకడానికి ముందే ఆయన కన్ను ఎంతో కాలం ఓపికగా పనిచేసి ఉండాలి.

క్రీస్తు ప్రభువు కూడా తన శ్రోతలకు ఈ కన్ను ఉన్నదని ఒప్పుకున్నారు. పడమట మబ్బు లేస్తే వాన అనీ, దక్షిణపు గాలి వీస్తే ఎండ అనీ చెప్పగల మీరు ఈ కాలాన్ని ఎందుకు గుర్తించలేకపోతున్నారని లూకా సువార్త పన్నెండవ అధ్యాయంలో ఆయన నిలదీశారు. ఆనాటి పామరులకు మబ్బు చదవడం వచ్చు, కాలం చదవడం రాదు. నేడు మనలో చాలామందికి మొదటిది కూడా రాదు. వాన వస్తుందో రాదో ఫోను చెబుతుంది. చెప్పనివ్వండి, అది మంచిదే. కాని మన గుడి వెనుక వేపచెట్టు ఏ వారంలో ఆకు రాల్చిందో ఏ ఫోనూ చెప్పదు.

మన ప్రాంతంలో కొంగల కాలం తెలిసిన ఊళ్ళు లేకపోలేదు. గుంటూరుకు దగ్గరలోని ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను లేపుతాయి. అనంతపురం వైపున ఉన్న వీరాపురంలో ఆ కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీదే కాపురం పెడతాయి. ఊరివారు వాటిని ఇంటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అవి ఏ నెలలో వస్తాయో, పిల్లలు ఎప్పుడు ఎగురుతాయో అక్కడి చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. అయితే ఇందుకు కొంగల ఊరే కానక్కరలేదు. మీ విచారణ గుడి ఆవరణలో ఒక చెట్టు, దాని కింద కూర్చోవడానికి ఒక రాయి ఉంటే ఈ పాఠానికి సరిపోతుంది.

చేయవలసిన పని చాలా తేలిక. చేస్తూ ఉండడమే కష్టం. ఒక చోటు ఎంచుకోవాలి. వారానికి ఒకసారి, వీలైతే ఒకే వేళకు, అక్కడ పావుగంట నిలబడాలి లేదా కూర్చోవాలి. చూసినది తేదీ వేసి రాసుకోవాలి. ఆదివారం పూజ అయిన తరువాతి పావుగంట దీనికి మేలైన వేళ. ఎలాగూ గుడికి వస్తాం, ఎలాగూ ఆవరణలో నిలబడి మాట్లాడుకుంటాం.

చోటు ఒక్కటే ఎందుకు? చోటు మారితే చెట్టు మారుతుంది, నేల మారుతుంది, నీటి తడి మారుతుంది. ఈ వారం చెరువు గట్టున ఉన్న వేపను, వచ్చే వారం మెట్ట మీది వేపను చూస్తే తేడా కాలానిదో నేలదో తేలదు. చోటు కదలకుండా ఉంటేనే కదిలేది కాలమని తెలుస్తుంది. బెనెడిక్టు మునీంద్రుని మఠాలలో సన్యాసులు ఇచ్చే మాటలలో ఒకటి, చేరిన మఠంలోనే జీవితాంతం నిలిచి ఉంటానన్నది. చెట్టు కింద మన పావుగంటకు అంత పెద్ద పేరు అక్కరలేదు గాని, లోపలి తర్కం అదే.

మాట గాలిలో ఉండకుండా ఒక నిజమైన చోటును తీసుకుందాం. కృష్ణా డెల్టాలో ఒక పల్లె గుడి, దాని వెనుక పంట కాలువ, గట్టు మీద ఒక వేప, ఒక నిద్రగన్నేరు, అవతల మాగాణి, మాగాణి గట్ల వెంట తాళ్ళు. విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుండి, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, ఈ కాలువల వెంట జీవితం రెండు గడియారాల మీద నడుస్తున్నది. ఒకటి దేవుడు తిప్పేది, రెండోది కాలువ లాకుల దగ్గర మనుషులు తిప్పేది. గట్టు మీద కూర్చున్నవారికి రెండూ కనిపిస్తాయి.

తపస్సుకాలంతో మొదలుపెడదాం. విభూతి బుధవారం నాటికి, అంటే సాధారణంగా ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో, వేప ఆకులు పసుపెక్కి రాలడం మొదలవుతుంది. రోజూ ఆవరణ ఊడ్చే అమ్మను అడగండి, మనకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. కొద్ది వారాల్లో చెట్టు సగం బోడిదవుతుంది. అది పూర్తిగా ఎండిపోకముందే కొమ్మల చివర రాగిరంగు చిగురు తొడుగుతుంది. ఆ రాగిరంగు వారం పది రోజులకు మించి ఉండదు. అందుకే నెలకు ఒకసారి చూసేవారికి ఆ చిగురు అసలు కనిపించదు. మొన్న బోడిగా ఉన్నది నేడు పచ్చగా ఉన్నదంతే. వారానికి ఒకసారి చూడమనడం ఇందుకే. చిగురు వెనుకనే తెల్లని సన్న పువ్వు, ఆ పువ్వు వెంట తేనెటీగల రొద. రాత్రిపూట గుడి తలుపు తెరిస్తే లోపలికి వచ్చే వాసన అదే.

ఈ రోజుల్లోనే కోయిల గొంతు విప్పుతుంది. చలికాలమంతా కోయిల ఏ దేశమో పోయిందని చాలామంది అనుకుంటారు. అది ఎక్కడికీ పోదు. అదే చెట్లలో పండ్లు తింటూ మౌనంగా ఉంటుంది. కాకులు గూళ్ళు కట్టే కాలం దగ్గరపడగానే మగది కూయడం మొదలుపెడుతుంది, ఎందుకంటే ఆడది గుడ్లు పెట్టవలసింది కాకి గూటిలోనే. కనుక రాసుకునేటప్పుడు ‘కోయిల వచ్చింది’ అని రాయకండి. ‘కోయిల కూత మొదటిసారి విన్నాను’ అని రాయండి. చూసినది వేరు, అనుకున్నది వేరు. ఈ ఒక్క తేడా పిల్లలకు నేర్పితే చాలు, సగం విజ్ఞానశాస్త్రం నేర్పినట్టే. సాక్ష్యం చెప్పడంలోని నిజాయితీ కూడా ఇదే కదా.

ఏప్రిల్, మే నెలల్లో కాలువ కట్టేసి ఉంటుంది. అడుగున బురద నెర్రెలిచ్చి పలకలు పలకలుగా లేస్తుంది. మిగిలిన గుంటల చుట్టూ కొంగలు, లకుముకి పిట్టలు పోగవుతాయి. నీరు తగ్గిన కొద్దీ చేపలు దొరకడం తేలిక మరి. తాటిచెట్ల మీద ముంజలు దిగుతాయి. నిద్రగన్నేరు గులాబీ కుచ్చుల్లాంటి పూలు రాలుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది మన సామెత. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. 2015లో సరిగ్గా ఆ దినాల్లోనే ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో వడగాడ్పులకు మొత్తం రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎండలో పని మానలేని కూలీలు, వృద్ధులు ఎక్కువ. సామెతలో రోళ్ళే పగులుతాయి. నిజంలో పోయేవి పేదల ప్రాణాలు.

ఇక మృగశిర, ఆరుద్ర. జూన్ 8 ప్రాంతం నుండి జూలై మొదటి వారం దాకా ఉండే ఈ నాలుగు వారాలు సంవత్సరంలో అన్నిటికన్నా చూడదగినవి. ఒక్క పావుగంట చాలదు. మొదటి గట్టి వాన పడిన సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్ళు కమ్ముకుంటాయి. మరునాడు రెక్కలు ఊడి గుడి మెట్లన్నీ నిండిపోతాయి. బోదురు కప్పలు ఎక్కడ దాక్కున్నాయో గాని ఆ రాత్రి నీటి గుంటలన్నీ వాటివే. మగ కప్పలు ఆ కొద్ది రోజులూ నిమ్మపండు పసుపు రంగుకు తిరుగుతాయి. పగటిపూట తడి గడ్డిలో ఎర్రని మఖమలు ముక్క నడిచినట్టు ఆరుద్ర పురుగు కనిపిస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం అది మట్టిలోనే ఉంటుంది, తొలకరికి మాత్రమే పైకి వస్తుంది. పురుగుకు కార్తె పేరే పెట్టుకున్న జాతి మనది. మన తాతలు ఎంత జాగ్రత్తగా చూశారో ఆ పేరే చెబుతున్నది. నేటి పిల్లల్లో ఎందరు దానిని అరచేతిలో పెట్టుకుని చూశారో మీ జ్ఞానోపదేశ తరగతిలో చేతులు ఎత్తించి చూడండి.

కాలువకు నీరు వదలగానే రెండో గడియారం మొదలవుతుంది. ఆకుమళ్ళు, దమ్ము, ఊడ్పులు. ఎగువ నుండి కృష్ణ నీరు ఆలస్యమైన సంవత్సరాల్లో పూర్వం ఊడ్పులూ ఆలస్యమయ్యేవి. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా 2015 నుండి గోదావరి నీరు కూడా డెల్టాకు అందుతున్నందున ఆ ఇబ్బంది కొంత తగ్గింది. పొలాలు పచ్చబడగానే గిజిగాళ్ళు పనిలో దిగుతాయి. వరి ఆకును సన్నని పీచులుగా చీల్చుకుపోయి తాటి మట్టల చివర, వీలైతే నీటిపైకి వేలాడేలా, గూడు అల్లుతాయి. అల్లేది మగపిట్ట ఒక్కటే. గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితేనే కాపురం, నచ్చకపోతే ఆ గూడు సగంలోనే వేలాడుతుంది. సగం గూళ్ళు ఎన్ని, పూర్తి గూళ్ళు ఎన్ని అని లెక్కపెట్టమని పిల్లలతో చెప్పండి. గంటసేపు అల్లరి ఉండదు, నాది పూచీ.

భాద్రపదంలో తాటిపండ్లు రాలతాయి. ఆ తరువాత సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట ఒక ఉదయాన గట్టు మీద తోక పైకీ కిందికీ ఆడిస్తూ ఒక సన్నని పిట్ట పరుగెడుతుంది. నిన్నటి దాకా లేదు. హిమాలయాల నుండి, ఇంకా ఆవలి చలిదేశాల నుండి దిగి వచ్చినది. దాని వెనుకనే మంగలకత్తి పిట్టలు వచ్చి కరెంటు తీగల మీద బారులు తీరుతాయి. అవును, యిర్మీయా చెప్పిన పిట్టే. ప్రవక్త పాలస్తీనాలో చూసినదాని బంధువర్గమే మన ఊరి తీగల మీద కూర్చుంటుంది. తెలంగాణలోని మన పాఠకులకు ఈ నెలలో చూడవలసినవి వేరే ఉన్నాయి. బీళ్ళలో గునుగు, తంగేడు ఎప్పుడు పూశాయో, బతుకమ్మ నాటికి నిండుగా ఉన్నాయో, అప్పటికే ముదిరిపోయాయో అక్కడి ఆడపడుచులే చెప్పాలి.

నవంబరులో సకల ఆత్మల దినాన సమాధులకు సున్నం వేసే వేళకు వరి పాలు పోసుకుని బరువెక్కుతుంది. తుపానుల భయం కూడా అప్పుడే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ కోతల ముందరి దినాల్లోనే వచ్చింది. కోతకు కొద్ది రోజుల ముందు డెల్టా రైతు నిలిచి ఉన్న వరిలోనే మినుములు చల్లుతాడు. నేలలో మిగిలిన తడి, పైనుండి పడే మంచు, ఈ రెండే ఆధారంగా ఆ మినుము పండుతుంది. క్రిస్మసు నాటికి వరి కోసిన మోళ్ళ మధ్య చిన్న మినుము మొక్కలు రెండాకులతో నిలిచి ఉంటాయి. ఆగమనకాలపు నిరీక్షణ ఏమిటో ఆ చేను పక్కన నిలబడి చెబితే పిల్లలకు బాగా తలకెక్కుతుంది.

రాసుకునేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఏ క్యాలెండరు ప్రకారం రాయాలి? ‘పాస్కా పండుగకు వేప పూసింది’ అని రాస్తే వచ్చే ఏడు దానితో పోల్చలేం. పాస్కా పండుగ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2024లో మార్చి 31న వచ్చింది, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. ఇరవై రోజుల తేడా. ఉగాదీ అంతే. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. చూడండి, ఒక ఏడు పాస్కా ముందు, ఒక ఏడు ఉగాది ముందు. చంద్రుని బట్టి నడిచే పండుగలు ఇవి. వేపకు చంద్రునితో పని లేదు. ఎండనూ చలినీ తడినీ బట్టి నడిచే చెట్టును సూర్యుని బట్టి నడిచే తేదీతోనే కొలవాలి. కార్తెలు కూడా సూర్యుని బట్టి నడిచేవే గనుక ఏటా దాదాపు అదే తేదీకి వస్తాయి. సుమారు పదమూడు, పద్నాలుగు రోజులకు ఒక కార్తె చొప్పున ఇరవై ఏడు. రైతు కార్తెలను పట్టుకున్నది జాతకాల కోసం కాదు, విత్తనం కోసం. మన గృహస్థులు కార్తె పేరు రాసుకోవడంలో విశ్వాసానికి వచ్చిన లోటేమీ లేదు. అయితే పక్కన తేదీ కూడా వేయండి.

ఆ మాటకొస్తే, కాలాన్ని ఒకేచోట నుండి కొలిచే పనిలో శ్రీసభకు పెద్ద చరిత్రే ఉన్నది. పూర్వపు జూలియన్ క్యాలెండరులో చిన్న తప్పు శతాబ్దాలు పోగుపడి, పదహారవ శతాబ్దానికి వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే దినం పది రోజులు ముందుకు జరిగిపోయింది. పాస్కా లెక్క దాని మీదే ఆధారపడినందున పోపు 13వ గ్రెగోరీ గారు 1582లో క్యాలెండరును సవరించారు. ఆ ఏడు అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 అయింది. ఇటలీలోని బొలోన్యా నగరంలో పునీత పెత్రోనియో పేరిట ఉన్న గుడిలో 1655లో కస్సీని అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు పైకప్పులో చిన్న రంధ్రం పెట్టి, నేల మీద ఉత్తర దక్షిణాలుగా సుమారు 67 మీటర్ల గీత గీయించాడు. మిట్టమధ్యాహ్నం ఆ రంధ్రం నుండి పడే సూర్యబింబం వేసవిలో గీతకు ఒక చివర, చలికాలంలో మరో చివర నిలుస్తుంది. దేవాలయమే గడియారమైంది. ఆ గీత నేటికీ అక్కడ ఉన్నది.

మనకు అంత పెద్ద గుడి, అంత పొడుగు గీత అక్కరలేదు. ఆవరణలో ఎండ బాగా పడే చోట ఒక మీటరు కర్ర నిటారుగా పాతండి. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో దాని నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండే క్షణాన్ని గుర్తు పెట్టండి. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో డిసెంబరు 21 నాడు ఆ నీడ ఉత్తరంగా సుమారు 84 సెంటీమీటర్లు ఉంటుంది. మే మొదటి వారంలో ఒక రోజు అసలు నీడే ఉండదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. జూన్ 21 నాటికి నీడ దక్షిణం వైపు తిరిగి సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుంది. ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ ఒక రోజు మాయమవుతుంది. నీడ దక్షిణానికి తిరగడం చూసి పెద్దవారే ఆశ్చర్యపోతారు. ఎండాకాలపు పగటికీ చలికాలపు పగటికీ మనకు సుమారు రెండు గంటల తేడా. స్నాపక యోహాను జన్మదినం జూన్ 24న, ప్రభువు జన్మదినం డిసెంబరు 25న. ఒకటి పగలు తగ్గడం మొదలైనప్పుడు, రెండోది పెరగడం మొదలైనప్పుడు. తాను తగ్గి ఆయన హెచ్చాలని యోహాను పలికిన మాటను పెద్దలు పూర్వం నుండీ ఈ నీడతోనే ముడిపెట్టి ధ్యానించారు. యెరూషలేములో, రోములో, బెజవాడలో, భూమధ్యరేఖకు ఉత్తరాన ఎక్కడైనా ఇది ఒకటే.

ఒకే చోటు నుండి ఏళ్ళ తరబడి రాసినవారిలో మనం మరువకూడని పేరు గ్రెగర్ మెండెల్. బఠానీ మొక్కల మీద ఆయన ప్రయోగాలను మన పిల్లలు పాఠాల్లో చదువుతారు. ఆయన అగస్టీను సభకు చెందిన గురువనీ, బ్రనో పట్టణంలోని మఠానికి అధిపతి అయ్యారనీ చాలామందికి తెలియదు. ఆయన వాతావరణాన్ని కూడా ఏళ్ళ తరబడి కొలిచి రాసేవారు. 1870 అక్టోబరు 13న ఒక భయంకరమైన సుడిగాలి మఠం మీదుగా పోయింది. కిటికీలు పగిలాయి, పెంకులు గాలిలో ఎగిరి గదిలోకి వచ్చిపడ్డాయి. మెండెల్ గారు ఆ సుడిగాలి ఎటు నుండి ఎటు తిరిగిందో, ఎంతసేపు ఉన్నదో గమనించి, దాని మీద ఒక వ్యాసం రాశారు. మరొకరైతే బల్ల కింద దూరేవారు, నేనైనా అంతే. దూరతూర్పున మనీలాలో యేసుసభ గురువులు 1865లో స్థాపించిన వాతావరణ పరిశోధనాలయంలో ఫాదర్ ఫౌరా గారు 1879లో తుపాను రాకను ముందుగా ప్రకటించారు. ఏళ్ళ తరబడి రాసుకున్న అంకెల నుండి పుట్టిన హెచ్చరిక అది. దివిసీమ ఉప్పెన చూసిన వాళ్ళకు దాని విలువ వేరే చెప్పాలా?

నోటుబుక్కులో ఏం రాయాలి? తేదీ, వేళ, ఆకాశం ఎలా ఉన్నది, చెట్టు ఆకు, పువ్వు, కాయ, వినిపించిన పిట్ట, కాలువలో నీరు. నాలుగు పంక్తులు చాలు. పేరు తెలియని పిట్ట అయితే రంగూ తోకా చేసిన పనీ రాయండి, పేరు తరువాత పెద్దలు చెబుతారు. ఏమీ మారని వారం ‘మార్పు లేదు’ అని తప్పక రాయండి. చాలామంది ఇక్కడే జారిపోతారు. విశేషం ఉన్నప్పుడే రాస్తారు. ఖాళీగా వదిలిన వారం చూసి, ఆ వారం పువ్వు లేదా, లేక చూసినవారే లేరా అన్నది పదేళ్ళ తరువాత ఎవరికీ తెలియదు. జపమాలలో రుచి లేని దినాలు కూడా ఉంటాయి గదా, ఆ దినం పూస తిప్పడం మానుతామా?

ఈ పని ఒక పాఠశాలగా మన దేశంలోనే నడుస్తున్నది. సీజన్‌వాచ్ అనే పేరుతో వేలాది విద్యార్థులు, ముఖ్యంగా కేరళలో, ఒక్కొక్కరు ఒక చెట్టును ఎంచుకుని వారం వారం దాని ఆకు, పువ్వు, కాయల స్థితిని నమోదు చేస్తున్నారు. మన కతోలిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులు దీనిని గమనిస్తే బాగుండును. ఖర్చు లేని పని.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ ఏడు వేప రెండు వారాలు ముందు పూసిందని, లోకం తల్లకిందులైందని ప్రకటించకండి. ఒక్క సంవత్సరం సాక్ష్యం సాక్ష్యం కాదు. 2023 ఆగస్టు నెల 1901 నుండి ఉన్న లెక్కల్లోనే మన దేశానికి అతి తక్కువ వాన పడిన ఆగస్టు. దాన్ని మాత్రమే చూసినవాడు వానలు పోయాయంటాడు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు మునిగినప్పుడు మాత్రమే చూసినవాడు వానలు పెరిగాయంటాడు. ‘మా చిన్నతనంలో ఇలా ఉండేది కాదు’ అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. భూమి వేడెక్కుతున్నదన్నది శాస్త్రజ్ఞులు లెక్కలతో నిరూపించిన సంగతి. కాని మన ఊరి వేప, మన ఊరి తొలకరి ఏ మేరకు జరిగాయన్నది మన ఊరి రాతలే చెప్పాలి. ఆ రాతలు మనకు లేవు.

లేనందువల్ల నష్టం ఎవరికి? పొలం ఉన్న ఆసామికి కొంత. కౌలు రైతుకు అంతకన్నా ఎక్కువ. ఊడ్పుల కూలి మీద ఏడాది గడుపుకునే ఆడవారికి అందరికన్నా ఎక్కువ. మన విచారణల్లో బలిపూజకు వచ్చేవారిలో చాలామంది వీరే. తొలకరి మూడు వారాలు వెనక్కి పోతే వారి కూలీ మూడు వారాలు వెనక్కి పోతుంది, అప్పు మీద వడ్డీ మాత్రం పోదు. దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో భూమి మొరనూ పేదల మొరనూ కలిపి వినమన్నారు. ఈ లేఖను మన సదస్సుల్లో ఎంతో చదివాం, ఎన్నో బ్యానర్లు కట్టాం. కూలీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఈ ఏడు మొదటి ఊడ్పుకు ఏ రోజు వెళ్ళావమ్మా?’ అని అడిగి నోటుబుక్కులో రాసుకున్న విచారణ ఏదైనా ఉంటే నాకు సంతోషం. వేప పూత పక్కన ఆ తేదీ కూడా ఉండాలి. ఆమెకు గుర్తుంటుంది. ఆరుద్ర పురుగు ఎప్పుడు కనిపించిందో కూడా ఆమెకే గుర్తుంటుంది.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. ఈ మధ్య జూబిలీ అన్నా, పండుగ అన్నా గుడి ఆవరణ అంతా సిమెంటు చేయించడం అలవాటైంది. బురద ఉండదు, కుర్చీలు వేయడానికి అనువుగా ఉంటుంది, నిజమే. కాని సిమెంటు వేసిన నేలలో ఆరుద్ర పురుగుకు చోటు లేదు, ఉసిళ్ళకు దారి లేదు, వేపవేరుకు తడి లేదు. తపస్సుకాలంలో ఆకులు ఊడ్చే బాధ తప్పుతుందని చెట్టునే కొట్టించిన చోట్లు కూడా ఉన్నాయి. విచారణ సలహా సంఘంలో ఈ ప్రతిపాదన వచ్చిన రోజున, ఆ చెట్టు మీద అయిదేళ్ళ రాతలు ఉన్న నోటుబుక్కు బల్ల మీద పెట్టండి. ‘ఈ చెట్టు మీద ఎన్ని గూళ్ళున్నాయి?’ అన్న ప్రశ్నకు జవాబు ఉన్న చోట గొడ్డలి ఎత్తడం అంత సులభం కాదు. చెట్టు ఒక చివరనైనా మట్టి నేల వదలమని అడగడం మొండితనం కాదు.

ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానాల పుస్తకం, వివాహాల పుస్తకం, మృతుల పుస్తకం ఉంటాయి. కొన్ని పాత విచారణల్లో వంద ఏళ్ళు దాటినవి కూడా ఉన్నాయి. తాతగారి జ్ఞానస్నానం తేదీ కావాలంటే అక్కడ దొరుకుతుంది. ఈ నోటుబుక్కును ఆ బీరువాలోనే ఒక అరలో ఉంచమని విచారణ గురువులను కోరండి. రాసేవారు ఒక్కరే అయితే రెండేళ్ళలో ఆగిపోతుంది. ఉపదేశి గారు, మఠకన్యలు, యువజన సంఘం పిల్లలు, ఇద్దరు ముగ్గురు పెద్దలు వంతులు వేసుకోవాలి. గురువులు బదిలీ మీద వెళతారు, పిల్లలు చదువులకు పట్నం పోతారు, చూసేవారు మారుతూనే ఉంటారు. అందుచేత మొదటి పేజీలో ఏ తేదీకి మొదలుపెట్టారో, ఏ చెట్టో, గుడి మెట్ల నుండి ఏ దిక్కుగా ఎన్ని అడుగుల దూరంలో నిలబడి చూస్తున్నారో కొత్తవారికి అర్థమయ్యేలా రాయండి. వీలైతే పక్కన ఒక చిన్న పటం కూడా గీయండి.